ఫటీగ్స్ అంటే ఏంటి? మిలట్రీ బట్టల మాట మీద తరచుగా అడిగే ప్రశ్నలు

నేను అనువాదాలు చేస్తాను, ఎక్కువగా వార్తలు, అప్పుడప్పుడు సబ్‌టైటిల్స్. పదేళ్ళ నుంచి కొత్తగా డెస్క్‌లో చేరిన ప్రతి బ్యాచ్ ఇదే మాట దగ్గర ఆగిపోతుంది, ఆర్మీకి ప్రిపేర్ అయ్యే కుర్రాళ్ళు అడుగుతారు, మొన్న ఒకాయన ఆన్‌లైన్‌లో ప్యాంటు కొంటూ ఆర్డర్ పెట్టేముందు ఫోన్ చేసి అడిగాడు. ప్రతిసారీ వాట్సాప్‌లో టైప్ చేసే ఓపిక లేక అన్నీ ఒకచోట పెట్టేశా. మీకు కావల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి, మొత్తం చదవక్కర్లేదు.

## మొదటిసారి ఈ మాట ఎదురైనప్పుడు

ఫటీగ్స్ అంటే సింపుల్‌గా ఏంటండీ?

సైనికుడు ఫీల్డ్‌లో, ట్రైనింగ్‌లో, యుద్ధంలో వేసుకునే పనిబట్టలు. పరేడ్‌లో మెడల్స్ పెట్టుకుని వేసుకునేవి కాదు, మెస్‌లో డిన్నర్‌కి వేసుకునేవీ కాదు. బురదలో పాకినా, ముళ్ళకంపలో దూరినా, వారం రోజులు ఉతక్కపోయినా తట్టుకునే వదులు చొక్కా, పెద్దపెద్ద జేబుల ప్యాంటు. రంగు ఇదే ఉండాలని రూలేం లేదు, ఒకప్పుడు మామూలు ఆకుపచ్చ, ఇప్పుడు దాదాపు అన్ని దేశాల్లో మచ్చల డిజైన్. మన ఊళ్ళల్లో "మిలట్రీ బట్టలు" అంటే కళ్ళ ముందు ఏది కనపడుతుందో అదే.

డిక్షనరీలో ఫటీగ్ అంటే అలసట అని ఉంది, అది బట్టలెలా అయింది?

మధ్యలో ఒక మెట్టు ఉంది, అది డిక్షనరీలో కిందెక్కడో ఉంటుంది కాబట్టి మనం అంతదాకా చదవం. ఫ్రెంచ్ నుంచి ఇంగ్లీష్‌లోకి వచ్చిన ఈ మాటకి మొదట అలసట అనే అర్థం. తర్వాత 18వ శతాబ్దం వచ్చేసరికి సైన్యంలో దీన్ని ఆయుధంతో పనిలేని చాకిరీకి వాడటం మొదలుపెట్టారు: గోతులు తవ్వడం, కట్టెలు కొట్టడం, బ్యారక్ కడగడం, సామాన్లు మోయడం. ఒంటిని అలిసిపోయేలా చేసే పని కాబట్టి ఆ డ్యూటీకి ఆ పేరు. ఆ పనికి మంచి యూనిఫాం వేసుకుంటే పాడైపోతుంది కదా, అందుకని వేరే ముతక బట్టలు ఇచ్చేవాళ్ళు, వాటికి ఫటీగ్ డ్రెస్ అని పేరొచ్చింది, 19వ శతాబ్దంలో డ్రెస్ అనే మాట రాలిపోయి ఉత్త ఫటీగ్స్ మిగిలింది. అలసట, చాకిరీ, చాకిరీ బట్టలు, చివరికి యుద్ధం బట్టలు. మన ఇళ్ళల్లో సున్నం వేసేటప్పుడు తీసే పాత చొక్కా ఉంటుంది చూడండి, దాని చరిత్ర అది.

ఎలా పలకాలి? నేను "ఫాటిగ్యూ" అంటే అందరూ నవ్వారు

ఫటీగ్. "టీ" మీద బరువు వేసి, చివర "గ్" దగ్గర ఆపేయాలి. స్పెల్లింగ్ చూసి చదివితే ఫాటిగ్యూ అనే వస్తుంది, నేను కూడా డిగ్రీ దాకా అలాగే చదివా, ఇందులో సిగ్గుపడాల్సింది ఏం లేదు. లీగ్ అనే మాటకి కూడా చివర అవే అక్షరాలు ఉంటాయి, క్రికెట్ పుణ్యమా అని దాన్ని ఎవ్వరూ లీగ్యూ అనరు. ఆ లీగ్ గుర్తుపెట్టుకుంటే చాలు. తెలుగులో రాసేటప్పుడు ఫటీగ్, ఫెటీగ్ రెండూ కనిపిస్తాయి, ఏదైనా పర్లేదు కానీ ఒకే వ్యాసంలో రెండూ రాయకండి.

చివర్లో "స్" లేకపోతే అర్థం మారిపోతుందా?

మారిపోతుంది, ఇదే అసలు కీలకం. బట్టలు అనే అర్థంలో ఈ మాట ఎప్పుడూ బహువచనమే, ప్యాంట్స్, జీన్స్ లాగా. ఒక్క జత అయినా ఫటీగ్సే. "స్" లేకుండా ఉంటే అలసట గానీ, చాకిరీ డ్యూటీ గానీ, లేదంటే ఇంజనీర్లు వాడే మెటల్ ఫటీగ్ గానీ అయ్యుంటుంది, అంటే మళ్ళీ మళ్ళీ ఒత్తిడి పడి లోహం పగుళ్ళు తేలడం. అయితే చిన్న మెలిక, "ఫటీగ్ డ్రెస్", "ఫటీగ్ ప్యాంట్", "ఫటీగ్ పార్టీ" లాంటి జంట మాటల్లో ముందు వచ్చినప్పుడు "స్" ఉండదు. అక్కడ పక్కన ఉన్న మాట చూసి తేల్చుకోవాలి.

"కాంబాట్ ఫటీగ్", "కాంబాట్ ఫటీగ్స్" ఒకటేనా?

అస్సలు కాదు, ఇక్కడే ఎక్కువమంది పడతారు. కాంబాట్ ఫటీగ్స్ అంటే బట్టలు. కాంబాట్ ఫటీగ్ అంటే యుద్ధంలో చూసినవాటివల్ల సైనికుడి మనసు దెబ్బతినడం, నిద్రపట్టకపోవడం, వణుకు, చప్పుడు వింటే ఉలిక్కిపడటం. మొదటి ప్రపంచయుద్ధంలో షెల్ షాక్ అన్న దాన్నే రెండో యుద్ధం నాటికి కాంబాట్ ఫటీగ్, బ్యాటిల్ ఫటీగ్ అన్నారు. 1943 ఆగస్టులో సిసిలీలో అమెరికన్ జనరల్ పాటన్ ఆస్పత్రిలో ఇలాంటి బాధతో ఉన్న సైనికుల్ని పిరికివాళ్ళని తిట్టి చెంపదెబ్బ కొట్టి పెద్ద గొడవలో ఇరుక్కున్నాడు. ఆ కథ అనువదిస్తూ ఒకబ్బాయి "యుద్ధ దుస్తులతో బాధపడుతున్న సైనికుడు" అని రాసుకొచ్చాడు. బట్టలు బిగుతుగా ఉన్నాయేమో అని అడిగా. పాపం.

## మాట ఎక్కడెక్కడ తిరిగింది

ఈ మాట అమెరికా వాళ్ళదా, బ్రిటిష్ వాళ్ళదా?

పుట్టింది ఇద్దరి సైన్యాల్లోనూ, కానీ బట్టలు అనే అర్థంలో ప్రపంచమంతా తిప్పింది అమెరికా వాళ్ళు. 1952లో వాళ్ళ ఆర్మీ ఓజీ-107 అనే యూనిఫాం తెచ్చింది, ఓజీ అంటే ఆలివ్ గ్రీన్, 107 అనేది ఆ రంగు ఛాయకి ఇచ్చిన కోడ్ నంబర్. ముతక కాటన్ శాటిన్ బట్ట, చొక్కాకి రెండు జేబులు, ప్యాంటుకి ముందు రెండు వెనక రెండు, అంతే, ఏ మచ్చలూ లేవు. సైనికులు దాన్ని ఫటీగ్స్ అనే పిలిచారు. అమెరికా సాయం తీసుకున్న చాలా దేశాల సైన్యాలకి ఆ బట్టలు వెళ్ళాయి, బట్టతో పాటు మాట కూడా వెళ్ళింది. బ్రిటిష్ వాళ్ళు మాత్రం ఫటీగ్స్ అంటే ఎక్కువగా ఆ చాకిరీనే అనుకునేవాళ్ళు, ముఖ్యంగా తప్పుచేస్తే శిక్షగా పడే చాకిరీ. వాళ్ళ యుద్ధం బట్టలకి వేరే పేరుంది, 1937లో వచ్చిన ఉన్ని బట్టని బ్యాటిల్‌డ్రెస్ అన్నారు, ఇప్పటి సైనికులు "కాంబాట్స్" అంటారు.

జంగిల్ ఫటీగ్స్ అని విడిగా ఉంటాయా?

ఉంటాయి, వియత్నాం యుద్ధానికి ప్రత్యేకంగా వచ్చినవి. అంతకుముందున్న మందపాటి కాటన్ ఆ ఉక్కపోతలో తడిస్తే ఆరేది కాదు, ఒంటికి అతుక్కుని ఒరుసుకుపోయేది. 1960లలో పల్చటి పాప్లిన్ బట్టతో కొత్తవి కుట్టారు. చొక్కా లోపలికి దోపక్కర్లేదు, గాలాడాలి కదా. ఛాతీ మీద జేబులు ఏటవాలుగా కుట్టారు, భుజాల మీద పట్టీలు, బరువులు ఉన్నప్పుడు కూడా చెయ్యి పక్కనుంచి దూరేలా. మొదటి రకంలో బొత్తాలు బయటికి ఉండేవి, తీగలకి, వలలకి తట్టుకుంటున్నాయని తర్వాతి రకంలో వాటి మీద మూత కుట్టారు. ఆ తర్వాత రిప్‌స్టాప్ నేత వచ్చింది, బట్టలో గళ్ళు గళ్ళుగా దిట్టమైన దారం వేస్తారు, ఒకచోట చిరిగితే ఆ చిరుగు పక్క గడి దగ్గర ఆగుతుంది. మీ కార్గో ప్యాంటు వెలుతురుకి పట్టి చూడండి, చిన్నచిన్న చదరాలు కనిపిస్తే అదే ఇది.

అమెరికాలో ఇప్పటి సైనికులు ఫటీగ్స్ అంటారా? మా అల్లుడు ఆర్మీలో ఉన్నాడు, ఆ మాటే వినలేదు అన్నాడు

మీ అల్లుడు నిజమే చెప్పాడు. 1981లో ఆకుపచ్చ, గోధుమ, నలుపు మచ్చలతో బీడీయూ (బ్యాటిల్ డ్రెస్ యూనిఫాం) వచ్చాక సైనికుల నోట్లో ఆ మూడక్షరాల పేరే స్థిరపడింది. 2005 ప్రాంతంలో బూడిదరంగు చదరాల ఏసీయూ (ఆర్మీ కాంబాట్ యూనిఫాం) వచ్చింది, ఆ డిజైన్ ఎడారికీ, అడవికీ, ఊరికీ అన్నిటికీ పనికొస్తుందని తెచ్చారు, చివరికి దేనికీ సరిగ్గా పనికిరాలేదని అఫ్ఘానిస్తాన్‌లో తేలింది. 2015 నుంచి ఓసీపీ అనే డిజైన్‌కి మారారు. మెరైన్లయితే "యుటిలిటీస్", "క్యామీస్" అంటారు, వాళ్ళని ఫటీగ్స్ అంటే మొహం చిట్లిస్తారు. అంటే ఇప్పుడు ఫటీగ్స్ అనేది సైనికుల మాట కన్నా విలేకరుల మాట, నవలల మాట, పాత సైనికుల మాట. దూరం నుంచి చూసేవాళ్ళు వాడేది.

## మన ఆర్మీ సంగతి

మా ఇంట్లో ఆర్మీ ఆయన "ఫటీగ్ అంటే పని, డ్రెస్ కాదు" అంటున్నారు. ఎవరు కరెక్ట్?

ఇద్దరూ కరెక్టే, కానీ మన దేశంలో అయితే ఆయన ఎక్కువ కరెక్ట్. నాకు ఈ పిచ్చి పట్టించింది కూడా ఇదే ప్రశ్న. చేరిన కొత్తలో ఒక వార్తలో ఈ మాట తగిలి, శ్రీకాకుళంలో ఉండే మా బాబాయ్‌కి ఫోన్ చేశా, ఆయన హవల్దార్‌గా రిటైరయ్యాడు.

"బాబాయ్, ఫటీగ్స్ అంటే మీ ఆర్మీ డ్రెస్సేనా?"

"డ్రెస్సేట్రా? ఫటీగంటే గడ్డి పీకడం."

అని నవ్వి, అరగంట చెప్పాడు. పొద్దున్న ఫాలిన్‌లో, అంటే అందర్నీ వరసలో నిలబెట్టినప్పుడు, పేర్లు చదివి నువ్వూ నువ్వూ నువ్వూ ఫటీగ్ అంటారట, ఇక ఆ రోజు రేషన్ బస్తాలు దించడమో, లంగర్‌లో (జవాన్ల వంటశాల) కూరగాయలు తరగడమో, లైన్లు శుభ్రం చేయడమో, పెద్ద ఆఫీసర్ వస్తున్నాడంటే రోడ్డు పక్క రాళ్ళకి, చెట్ల మొదళ్ళకి గేరు (ఎర్రమట్టి రంగు), సున్నం కొట్టడమో. ఆ పనికి వెళ్ళే గుంపు ఫటీగ్ పార్టీ. బ్రిటిష్ వాళ్ళు వదిలి వెళ్ళిన మాట అదే అర్థంతో మన బ్యారక్‌లో ఇవాళ్టికీ బతికే ఉంది. ఎన్‌సీసీ క్యాంపులకి వెళ్ళినవాళ్ళకి కూడా తెలిసే ఉంటుంది. అంటే ఇంగ్లీష్ పేపర్లలో మాట బట్టల మీదికి ఎక్కి కూర్చుంది, మన జవాన్ దగ్గర మాత్రం పని దగ్గరే ఉండిపోయింది. అందుకే మన ఆర్మీ వార్తని ఇంగ్లీష్ నుంచి తెచ్చేటప్పుడు ఫటీగ్స్ అని తెలుగు అక్షరాల్లో యథాతథంగా దించేస్తే, దాన్ని చదివే జవాన్‌కే అర్థం కాదు.

మరి మన జవాన్లు ఆ డ్రెస్‌ని ఏమంటారు?

"కాంబాట్" అంటారు. "ఇవాళ కాంబాట్ వేసుకురండి" అంటే చాలు, డ్రెస్ అనే మాట కూడా అక్కర్లేదు. ఆ మచ్చల ప్రింట్‌ని ఆఫీసు భాషలో "డిస్‌రప్టివ్" అంటారు, ఆకారాన్ని విరగ్గొట్టేది అని. మచ్చలు లేని ఆకుపచ్చది "ఓజీ". ఓజీకి వెనక కథ ఉంది, రెండో ప్రపంచయుద్ధంలో బర్మా అడవుల్లో ఖాకీ కొట్టొచ్చినట్టు కనపడుతోందని మన సైనికులకి ఆకుపచ్చ బట్టలిచ్చారు, యుద్ధం అయ్యాక కూడా ఆర్మీ ఆకుపచ్చలోనే ఉండిపోయింది, ఖాకీ పోలీసులకి మిగిలింది. ట్యాంకుల వాళ్ళు, వర్క్‌షాప్ వాళ్ళు వేసుకునే పైనుంచి కిందదాకా ఒకటే ముక్క ఉండే బట్టని "డాంగ్రీ" అంటారు, ఈ మాట మన దేశంలో నేసిన ముతక నూలు బట్ట పేరు నుంచి ఇంగ్లీష్‌లోకి వెళ్ళి డంగరీస్ అయింది, అంటే ఎగుమతి కూడా చేశాం.

2022లో వచ్చిన కొత్త డిజిటల్ డ్రెస్ ఏంటి?

2022 జనవరి 15, ఆర్మీ డే రోజు ఢిల్లీ పరేడ్‌లో పారా కమాండోల దళం వేసుకుని మొదటిసారి చూపించారు. నిఫ్ట్ అనే జాతీయ ఫ్యాషన్ సంస్థ వాళ్ళతో కలిసి డిజైన్ చేయించారు. దూరం నుంచి ఆలివ్, మట్టిరంగు కలిసిపోయినట్టుంటుంది, దగ్గరికెళ్ళి చూస్తే మచ్చలు గుండ్రంగా కాకుండా చిన్నచిన్న చదరాలుగా, కంప్యూటర్ బొమ్మని బాగా పెద్దది చేసినట్టు ఉంటాయి. బట్టలో కాటన్ 70 పాళ్ళు, పాలిస్టర్ 30 పాళ్ళు, కాబట్టి పాతదానికన్నా తేలిక, త్వరగా ఆరుతుంది. పెద్ద తేడా ఏంటంటే చొక్కా లోపలికి దోపరు, లోపల టీషర్ట్ వేసుకుని పైన జాకెట్ లాగా వదిలేస్తారు. అదే ఏడాది డిజైన్ మీద మేధోసంపత్తి హక్కులు కూడా ఆర్మీ రిజిస్టర్ చేయించుకుంది, కాబట్టి పర్మిషన్ లేకుండా ఆ ప్రింట్ నేసినా, కుట్టినా, అమ్మినా చట్టపరంగా ఇబ్బందే. వాయుసేన వాళ్ళది వేరే డిజిటల్ డిజైన్, అది 2022 అక్టోబర్ 8న చండీగఢ్‌లో ఎయిర్‌ఫోర్స్ డే రోజు బయటికొచ్చింది. రెండూ ఒకటే అనుకుని ఫోటోలు కలిపేస్తున్నారు, చూసుకోండి.

సీఆర్‌పీఎఫ్, గ్రేహౌండ్స్ వాళ్ళు వేసుకునేవి కూడా ఆర్మీ బట్టలేనా?

చూడ్డానికి ఒకలా ఉంటాయి కానీ కాదు. 1989లో నక్సలైట్ల మీద ఆపరేషన్ల కోసం ఏర్పాటైన గ్రేహౌండ్స్ పోలీసు దళం, సీఆర్‌పీఎఫ్ హోంశాఖ కింద ఉండే కేంద్ర బలగం, రెండూ అడవిలో పనిచేస్తాయి కాబట్టి మచ్చల డ్రెస్ వేసుకుంటాయి. ఇంగ్లీష్‌లో వీటినీ ఫటీగ్స్ అనొచ్చు, తప్పు లేదు. తెలుగులో మాత్రం "ఆర్మీ దుస్తుల్లో పోలీసులు" అని రాయకండి, అర్థం పూర్తిగా తేడా వస్తుంది, దొంగవేషం వేశారేమో అనిపిస్తుంది. ఆర్మీకి కూడా ఈ విషయంలో కినుక ఉంది, 2020 ఫిబ్రవరి ఢిల్లీ అల్లర్లప్పుడు వీధుల్లో బందోబస్తుకి వచ్చిన బలగాలు కాంబాట్ డ్రెస్‌లో ఉంటే జనం ఆర్మీ దిగింది అనుకుంటున్నారని అభ్యంతరం చెప్పింది. సిమెంటు రోడ్డు మీద ఆకుల మచ్చల డ్రెస్ ఎవరికి కనపడకుండా ఉండటానికో నాకూ అర్థం కాదు. ఇంకో సంగతి, మన పేపర్లలో ఎన్‌కౌంటర్ వార్తల్లో దశాబ్దాలుగా "ఆలివ్‌గ్రీన్ దుస్తుల్లో" అనే మాట వస్తుంది, అది ఎక్కువగా మావోయిస్టుల గురించి. కాబట్టి తెలుగు పాఠకుడికి ఆలివ్‌గ్రీన్ అనగానే ఆర్మీ గుర్తుకురావాలని లేదు, ఇది మన దగ్గర మాత్రమే ఉన్న చిక్కు.

## తెలుగులో రాసేటప్పుడు

ఫటీగ్స్‌కి సరైన తెలుగు మాట ఏంటి?

ఒక్క మాట లేదు, సందర్భాన్ని బట్టి మూడు నాలుగు ఉన్నాయి. వార్త అయితే "సైనిక దుస్తులు" చాలు, ఎవరికైనా అర్థమవుతుంది. మన ఆర్మీ గురించి, అదీ పరేడ్ డ్రెస్ కాదు ఫీల్డ్ డ్రెస్ అని తేడా చెప్పాల్సి వస్తే "కాంబాట్ డ్రెస్" అనండి. కథలో ఊరి మనిషి నోట్లో అయితే "మిలట్రీ బట్టలు". "యుద్ధ దుస్తులు" అంటే నాకు కవచం, శిరస్త్రాణం గుర్తొస్తాయి, పౌరాణికం వాసన, అయినా కొందరు వాడుతున్నారు. "పోరాట దుస్తులు" మరీ కరపత్రంలా ఉంటుంది. "శ్రమ వస్త్రాలు" అని ఒక పెద్దాయన ప్రతిపాదించారు, మూలార్థానికి దగ్గరే గానీ చదివినవాడికి ఫ్యాక్టరీ కార్మికుడు కనపడతాడు. బట్ట ఎవరిది, ఎప్పటిది అన్నది ముందు తేల్చుకోండి, మాట దానంతట అదే వస్తుంది. వియత్నాం సైనికుడైతే "ఆకుపచ్చ మిలట్రీ బట్టల్లో" అని రంగు కూడా వేస్తా నేను, ఒక్క రంగుతో కాలం తెలిసిపోతుంది.

"మెన్ ఇన్ ఫటీగ్స్" అని వార్తలో ఉంటే సైనికులు అని రాసేయొచ్చా?

రాయకూడదు. ఇంగ్లీష్ విలేకరి సోల్జర్స్ అనకుండా మెన్ ఇన్ ఫటీగ్స్ అన్నాడంటే వాళ్ళు ఎవరో తెలీదని అర్థం, బట్టలు మాత్రమే చూశాడు. సైనికులు కావచ్చు, తిరుగుబాటుదారులు కావచ్చు, వేషం వేసుకొచ్చిన ఉగ్రవాదులు కావచ్చు. 2016 జనవరిలో పఠాన్‌కోట్ ఎయిర్‌బేస్ మీద దాడికి వచ్చినవాళ్ళు ఆర్మీ దుస్తుల్లోనే వచ్చారు, అక్కడ "సైనికులు" అని రాస్తే ఏమవుతుందో ఆలోచించండి. "సైనిక దుస్తుల్లో ఉన్న వ్యక్తులు" అని రాయండి, నాలుగు మాటలు ఎక్కువైనా ఫర్వాలేదు. నేనే చేరిన కొత్తలో "అలసిపోయిన మనుషులు కొందరు బ్యాంకులోకి చొరబడి" అని రాసి పంపా, మా సీనియర్ దాని కింద గీత గీసి పక్కన "పాపం, కుర్చీలు వేయకపోయారా?" అని రాశారు. ఆ కాయితం ఇంకా నా దగ్గర ఉంది.

జెలెన్‌స్కీ వేసుకునేది ఫటీగ్సేనా? కాస్ట్రోది?

కాస్ట్రోది ఖచ్చితంగా ఫటీగ్స్, క్యూబా విప్లవం నుంచి దశాబ్దాలపాటు ఆలివ్‌గ్రీన్ సైనిక దుస్తుల్లోనే కనిపించాడు, అది ఆయన గుర్తు అయిపోయింది. జెలెన్‌స్కీ విషయంలో కొంచెం జాగ్రత్త. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద రష్యా దాడి మొదలయ్యాక సూట్లు పక్కన పెట్టి ఆలివ్ రంగు టీషర్టులు, ఫ్లీస్ జాకెట్లు, జేబుల ప్యాంట్లు మొదలుపెట్టాడు. ఇంగ్లీష్ మీడియా అలవాటుగా మిలటరీ ఫటీగ్స్ అనేస్తుంది, కానీ అందులో చాలావరకు యూనిఫాం కాదు, సైనిక ధోరణిలో ఉన్న మామూలు బట్టలు, ర్యాంకు బ్యాడ్జీలు ఉండవు. 2025 ఫిబ్రవరిలో వైట్‌హౌస్‌కి వెళ్ళినప్పుడు సూట్ ఎందుకు వేసుకోలేదని ఒక విలేకరి అడిగాడు కదా, ఆ రోజు వేసుకుంది కూడా అలాంటి నల్లటి చొక్కానే. తెలుగులో "సైనిక తరహా దుస్తులు" అంటే సరిపోతుంది. ఆ "తరహా" అనే చిన్న మాట చాలా కేసుల్లో కాపాడుతుంది.

ఖాకీ, మఫ్టీ తెలుగులోకి హాయిగా వచ్చేశాయి, ఇది ఎందుకు రాలేదు?

నా లెక్కలో అవి మన మధ్య తిరిగిన బట్టలు. ఖాకీ అయితే మన ఉపఖండంలోనే పుట్టింది, పర్షియన్‌లో ఖాక్ అంటే దుమ్ము, 1846లో పెషావర్‌లో లమ్స్‌డెన్ అనే బ్రిటిష్ ఆఫీసర్ పెట్టిన గైడ్స్ దళం తెల్లబట్టలకి దుమ్మురంగు వేసుకోవడంతో మొదలైంది. ఊళ్ళో పోలీసు, పోస్ట్‌మ్యాన్, బస్సు డ్రైవర్ అందరి మీదా కనపడింది, "ఖాకీలు" అంటే పోలీసులు అని అర్థం కూడా పుట్టింది. మఫ్టీ ఇంకా తమాషా, అరబిక్‌లో ముఫ్తీ అంటే మతపెద్ద, బ్రిటిష్ ఆఫీసర్లు డ్యూటీ అయ్యాక వేసుకునే ఇంటిబట్టలు అలా ఉన్నాయని ఆ పేరొచ్చిందంటారు, ఇప్పుడు "మఫ్టీలో ఉన్న పోలీసులు" లేకుండా మన క్రైమ్ పేజీ లేదు. ఫటీగ్స్ వేసుకున్న మనిషి కంటోన్మెంట్ గోడ లోపలే ఉన్నాడు, బయటికి వచ్చినప్పుడు సివిల్ డ్రెస్‌లో వచ్చాడు. పైగా లోపల కూడా ఆ మాటకి అర్థం గడ్డి పీకడం. ఇంక మనదాకా ఎలా వస్తుంది?

సబ్‌టైటిల్ చేస్తున్నా. సార్జెంట్ ఒకడ్ని "వారం రోజులు ఫటీగ్స్" అంటాడు. బట్టలా, పనా?

పని. అదీ శిక్షగా పడిన పని. అక్కడ "వారం రోజులు బ్యారక్ చాకిరీ నీదే" అని వేయండి, లైనులో సరిపోతుంది, కోపం కూడా పలుకుతుంది. గుర్తుపట్టడం సులువు: ముందు "ఇన్" ఉంటే బట్టలు, రోజుల లెక్కతోనో "ఆన్"తోనో వస్తే పని. అమెరికన్ సినిమాల్లో వంటింటి చాకిరీకి కేపీ అని కూడా అంటారు, బంగాళదుంపలు గుట్టగా పోసి తొక్క తీస్తూ కూర్చుంటారు చూడండి, అది.

క్యామోఫ్లాజ్, ఫటీగ్స్ ఒకటేనా?

కాదు. క్యామోఫ్లాజ్ అనేది డిజైన్, కనపడకుండా ఉండే విద్య. ఫటీగ్స్ అనేది డ్రెస్. ఓజీ-107 ఫటీగ్సే గానీ దాని మీద క్యామోఫ్లాజ్ లేదు. ట్యాంకు మీద, టెంటు మీద క్యామోఫ్లాజ్ ఉంటుంది, అది ఫటీగ్స్ కాదు. అన్నట్టు ఈ ప్రింట్ కంటికి మాత్రమే కాదు, రాత్రిపూట వాడే పరికరాల్లో కూడా ఆకుల్లా కనపడేలా రంగులు ఎంచుతారు. అమెరికన్ బీడీయూలకి గంజి పెట్టి ఇస్త్రీ చేయొద్దని చెప్పడానికి కారణం అదే, ఆ గుణం దెబ్బతింటుంది. కానీ మడత నలగని సైనికుడే క్రమశిక్షణ ఉన్నవాడు అని నమ్మే సార్జెంట్లు గంజి పెట్టించారు.

## కొనేటప్పుడు, వేసుకునేటప్పుడు

ఆన్‌లైన్‌లో "ఫటీగ్ ప్యాంట్" అని ఉంది, కార్గో ప్యాంట్‌కీ దీనికీ తేడా ఏంటి?

ఫ్యాషన్ షాపుల భాషలో ఫటీగ్ ప్యాంట్ అంటే పాత అమెరికన్ ఓజీ-107 కోత: ఆకుపచ్చ, వదులు, ముందు బట్ట పైనే కుట్టిన రెండు పెద్ద జేబులు, తొడ మీద ఏమీ ఉండదు. కార్గో అంటే తొడ మీద మూత ఉన్న జేబు. ఆ తొడ జేబు బ్రిటిష్ బ్యాటిల్‌డ్రెస్‌లో మ్యాపు పెట్టుకోడానికి ఇచ్చింది. మన ఎండలకి అయితే పాలిస్టర్ ఎక్కువున్నది తీసుకోకండి.

మామూలు జనం ఆర్మీ ప్రింట్ వేసుకుంటే కేసు అవుతుందా?

సైనికుడిని అని నమ్మించే ఉద్దేశంతో వేసుకుంటే అవుతుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 168వ సెక్షన్ ఇదే, మూడు నెలల దాకా జైలు, లేదా 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పాత ఐపీసీలో ఇది 140, జరిమానా 500 ఉండేది. నిషేధిత ప్రాంతాల్లోకి దూరడానికి వేసుకుంటే 1923 నాటి అధికార రహస్యాల చట్టం కూడా వస్తుంది, అది పెద్ద కేసు. ఏదో ఆకుల ప్రింట్ టీషర్ట్ వేసుకుని టీ తాగడానికి వెళ్తే నేరం కాదు. కానీ పఠాన్‌కోట్ దాడి తర్వాత ఆర్మీయే స్వయంగా జనాన్ని ఆ తరహా బట్టలు వేసుకోవద్దనీ, షాపుల్ని అమ్మొద్దనీ కోరింది. కంటోన్మెంట్ ఏరియా దగ్గర, స్టేషన్లలో ఆపి అడుగుతారు, జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. అచ్చం ఆర్మీ డిజైన్, ర్యాంకు, నేమ్‌ప్లేట్ జోలికి మాత్రం వెళ్ళొద్దు, రీల్స్ కోసం అసలే వద్దు.

ఆగస్టు 15కి మా బాబుకి మిలట్రీ డ్రెస్ వేయొచ్చా?

వేయండి. ఆరేళ్ళ పిల్లాడు సైనికుడిని అని ఎవర్నీ మోసం చేయడు కదా, సెక్షన్‌లో ఉద్దేశమే ముఖ్యం. అద్దెకి దొరికే డ్రెస్సుల్లో భుజం మీద ఒక ర్యాంకు, చేతి మీద ఇంకో ర్యాంకు కుట్టి ఉంటాయి, కర్నలూ, హవల్దారూ ఒకేసారి. మా బాబాయ్ అయితే స్కూల్ ఫంక్షన్‌లో అలాంటి పిల్లాడిని చూసి ముందు ఎవరికి సెల్యూట్ కొట్టాలో తెలీక ఇద్దరికీ కొట్టాడు. అది తప్ప సమస్య లేదు.

అమెరికాలో ఉంటాం, కరీబియన్ క్రూజ్‌కి వెళ్తున్నాం. క్యామో షార్ట్స్ సర్దుకోవచ్చా?

వద్దు, తీసి ఇంట్లో పెట్టేయండి. బార్బడోస్, జమైకా, ట్రినిడాడ్, సెయింట్ లూసియా లాంటి దీవుల్లో సైన్యం వాళ్ళు తప్ప ఎవరూ క్యామోఫ్లాజ్ ప్రింట్ వేసుకోకూడదని చట్టం ఉంది, టూరిస్టులకి మినహాయింపు లేదు, చిన్నపిల్లల బట్టలకి కూడా వర్తిస్తుంది. ప్యాంటు, టోపీ మాత్రమే కాదు, బ్యాక్‌ప్యాక్ కూడా. ఓడలో వేసుకున్నా దిగేటప్పుడు గేటు దగ్గర వెనక్కి పంపి మార్చుకు రమ్మంటారు, మీరు మార్చుకుని వచ్చేసరికి టూర్ బస్సు వెళ్ళిపోతుంది. గులాబీ రంగు క్యామో అయితే పర్లేదేమో అని కూడా అడిగారు. ప్రింట్ ప్రింటే, ఏ రంగైనా ఇంట్లోనే ఉంచండి.